సీజను మధ్యలో జట్టు మారడం: ఇకనైనా ఒక నియమం పెట్టుకుందామా?

పానగల్లు (నిర్వాహకుడు)

నాలుగో రౌండు ముగిసినప్పటి నుంచి నా ఫోను ఆగడం లేదు. ఒకే గొడవ మూడు వాట్సాప్ గ్రూపుల్లో మూడు రకాలుగా నడుస్తోంది. మూడింటిలోనూ తిట్లు మాత్రం నాకే. అందుకే దీన్ని ఇక్కడికి తెచ్చాను.

కొత్తగా చేరినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. మన చదరంగం లీగులో ఆరు జట్లు: నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, పాలమూరు, నాగర్‌కర్నూల్, గద్వాల–వనపర్తి. పోటీకి నాలుగు బోర్డులు, అంటే జట్టుకు నలుగురు. ఆదివారం సాయంత్రం లీచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో ఆట. గద్వాల తరఫున మూడు రౌండ్లు ఒకటో బోర్డు మీద ఆడిన సభ్యుడు నాలుగో రౌండులో నల్లగొండకు ఆడారు, అదీ గద్వాల మీదే. గద్వాలకు నాలుగో మనిషి దొరకలేదు. ఆ బోర్డు వాకోవర్‌గా పోయి, ఒకటిన్నర–రెండున్నరతో ఓడారు. ఇది కుదరదని చెప్పే నియమం మన దగ్గర లేదు కాబట్టి ఫలితాన్ని మార్చలేను. దయచేసి ఆ మాట మళ్లీ అడగవద్దు.

ముసాయిదా ఇది: సీజను మొదలయ్యాక ఎవరూ జట్టు మారకూడదు. రెండు సీజన్ల మధ్య ఎవరు ఎక్కడికైనా వెళ్లవచ్చు. అంతే. అభిప్రాయాలు చెప్పండి. వాయిస్ మెసేజీలు పంపకండి, నేను వినను.

నడిగడ్డ

గద్వాల కెప్టెనును. ఓడిపోయినందుకు నాకు బాధ లేదు, ఈ సీజనులో ఓటమి మాకు అలవాటే. బాధంతా తయారీ గురించి. నల్లగొండ రెండో బోర్డు ఆటగాడు నల్ల పావులతో ఎప్పుడూ కారో–కాన్ అనే ప్రారంభం ఆడతాడు. మేం అందులో అడ్వాన్స్ పద్ధతిలో, అంటే బంటును ఈ5కు నెట్టి, వెళితే మూడో ఎత్తుకు శకటును ఎఫ్5కు తెస్తాడు. పాత ఆటలన్నీ తిరగేసి, దానికి విరుగుడు రాసి లీచెస్‌లో ప్రైవేటు స్టడీగా, అంటే మేం చేర్చుకున్నవారికే కనిపించే విశ్లేషణగా, పెట్టుకున్నాం. శుక్రవారం రాత్రి దాకా మా ఒకటో బోర్డు ఆటగాడు ఆ స్టడీలోనే ఉన్నారు. శనివారం అవతలి జట్టు జాబితాలో ఆయన పేరు కనిపించింది. ఆదివారం నల్లగొండ రెండో బోర్డు ఏం చేసింది? శకటు జోలికే పోకుండా బంటును సీ5కు నెట్టింది.

ఇది కాకతాళీయమని ఎవరైనా అంటే నమ్మడానికి నేను సిద్ధంగా లేను.

గుర్రం ఎత్తు

పేరు చెప్పకుండా అందరూ మాట్లాడుతున్నది నా గురించే కాబట్టి నేనే వచ్చాను.

నేను ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఉద్యోగం మారి నల్లగొండ వచ్చాను. రామగిరిలో అద్దెకు ఉంటున్నాను, పిల్లలు ఇక్కడి బడిలోనే చేరారు. మన లీగు పరిచయంలో మొదటి వాక్యం "మీ ఊరి జట్టుకు ఆడండి" అని ఉంది. ఇప్పుడు నా ఊరు ఏది? మారే ముందు నడిగడ్డ అన్నకు ఫోను చేశాను, ఎత్తలేదు. సందేశం పెట్టాను, రెండు నీలం గీతలు పడ్డాయి.

స్టడీ లింకును నేను ఎవరికీ ఇవ్వలేదు. సీ5 మీ ఇంట్లో దాచిన రహస్యమేమీ కాదన్నా. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తాల్ మీద బొత్విన్నిక్ ఆడిన ఎత్తు అది. నల్లగొండలో కూడా ఇంటర్నెట్ ఉంది.

నడిగడ్డ

సందేశం శనివారం ఉదయం ఆరు గంటలకు పెట్టారు. ఆ పూట నేను పొలంలో ఉన్నాను. చూసేసరికి మీరు వెళ్లిపోయారు. దాన్ని చెప్పి వెళ్లడం అనరు.

గడియారం సెంటర్

నల్లగొండ కెప్టెనుగా ఒక్క మాట. నేను ఆయన్ను పిలవలేదు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి అడిగితే కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. మా జాబితాలో ఎనిమిది మంది ఉన్నారు, ఆయన లేకపోయినా గెలిచేవాళ్లం.

సోమశిల

"ఆయన లేకపోయినా గెలిచేవాళ్లం" అంటున్నప్పుడు, సరిగ్గా ఆ పోటీలోనే, ఒకటో బోర్డు మీద ఆయన్ను ఎందుకు కూర్చోబెట్టారు? ఊరికే అడుగుతున్నాను.

గడియారం సెంటర్

రేటింగ్ వరుసలో ఆయనే ముందు ఉన్నారు కాబట్టి. బోర్డుల వరుస రేటింగ్ ప్రకారమే ఉండాలన్నది మన నియమమే కదా.

ఆమనగల్లు బంటు

ఊరు, ఊరు అంటున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. నేను ఇల్లు కదలలేదు, ఉద్యోగం మారలేదు. 2016 అక్టోబర్ 11న పొద్దున లేచేసరికి నా జిల్లా మారిపోయింది. ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల, షాద్‌నగర్ అన్నీ పాలమూరు నుంచి రంగారెడ్డికి పోయాయి. మన లీగులో రంగారెడ్డి జట్టు లేదు. పాలమూరు జట్టువాళ్లు దయతలచి ఉంచుకున్నారు గాని, "ఊరి జట్టు" వాక్యాన్ని అక్షరాలా పట్టుకుంటే నేను ప్రేక్షకుడినే. మొదటి వాక్యమే సరిగా లేనప్పుడు దాని మీద బదిలీ నియమం ఎలా కడతారు?

కోస్గి మాస్టారు

ఆమనగల్లు తమ్ముడూ, నీకు ఒక్క దెబ్బలో తేలిపోయింది. మా కోస్గి 2016లో మహబూబ్‌నగర్‌లోనే మిగిలింది. హమ్మయ్య అనుకున్నాం. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా వచ్చి అందులోకి వెళ్లాం. మా పక్కనే ఉన్న కొడంగల్ వికారాబాద్‌లో తేలింది. అవతలి వైపు గుండాల మండలం సంగతి చూడండి: నల్లగొండ నుంచి జనగామకు పోయి, మళ్లీ యాదాద్రి భువనగిరికి వచ్చింది. గుండాల నుంచి ఎవరైనా ఆడుతుంటే ఆయన ఎన్నిసార్లు జట్టు మారినట్టు?

జిల్లా గీతలను బట్టి మనుషులను పంచితే ఇలాగే ఉంటుంది. పదవీ విరమణ చేసినవాణ్ని, నాకు ఏ జట్టయినా ఒకటే. అయితే ఎక్కడ పేరు రాసుకున్నానో అక్కడ సీజను పూర్తి చేస్తాను. అది జిల్లా మీద అభిమానం కాదు, ఆదివారం అయిదు గంటలకు నా కోసం ముగ్గురు కూర్చుని ఉంటారన్న ఎరుక.

మిర్యాలగూడ వకీలు

చర్చ నా వృత్తి వైపు జరిగినందుకు సంతోషం. ఈ దేశంలో గోడ దూకడం మీద నియమం రాసే ప్రయత్నం మనమే మొదటిసారి చేయడం లేదు. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. "ఆయారాం గయారాం" మాట అక్కడ పుట్టిందే. దానికి మందు దొరకడానికి 1985 దాకా పట్టింది. ఆ ఏడాది 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది.

ఆ మందులో ఒక చిల్లు పెట్టారు. ఒక్కడు మారితే ఫిరాయింపు, పార్టీలో మూడో వంతు కలిసి మారితే చీలిక, దానికి శిక్ష లేదు. విడివిడిగా కాకుండా గుంపుగా దూకడం నేర్చుకున్నారు. 2003లో 91వ సవరణతో ఆ చీలిక వెసులుబాటును తీసేశారు. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకున్న విలీనానికే మినహాయింపు ఉంది.

మనకు పనికొచ్చే పాఠం ఇంకొకటి. సభ్యుడు అనర్హుడా కాదా తేల్చేది స్పీకరు. ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూలులో రాయలేదు. దాంతో ఫిర్యాదులు ఏళ్ల తరబడి నానిన సందర్భాలు ఉన్నాయి. కోర్టులు కలగజేసుకుని మూడు నెలలని గడువు చెప్పవలసి వచ్చింది. కాబట్టి నిర్వాహకుడు గారూ, మీరు ఏ నియమం రాసినా సరే, మీరు ఎన్ని గంటల్లో నిర్ణయం చెప్పాలో కూడా అందులో రాయండి.

పానగల్లు (నిర్వాహకుడు)

రాసుకున్నాను. రాజకీయం ఇక్కడితో ఆపుదాం. ఏ పార్టీ పేరైనా వస్తే ఆ వ్యాఖ్య తీసేస్తాను.

బత్తాయి తోట

వకీలు గారు శాసనసభకు తీసుకెళ్లారు గాని, ఆటల్లోనే దీనికి జవాబు ఉంది. ఫుట్‌బాల్‌లో ఏడాదికి రెండు బదిలీ కాలాలు ఉంటాయి, ఒకటి సీజనుకు ముందు, ఒకటి మధ్యలో. ఆ కిటికీ మూసుకున్నాక క్లబ్బు ఎంత పెద్దదైనా మామూలుగా కొత్తవాణ్ని నమోదు చేసుకోలేదు. అంతకంటే నాకు నచ్చినది ఇంకొకటి: ఫిఫా నియమం ప్రకారం ఒక సీజనులో ఒక ఆటగాడు మూడు క్లబ్బుల దాకా నమోదు కావచ్చు, కానీ అధికారిక పోటీలు ఆడగలిగేది రెండింటికే. అంటే పేరు నమోదు వేరు, బరిలోకి దిగడం వేరు. ఈ తేడా మన ముసాయిదాలో లేదు.

క్రికెట్‌లో కూడా ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి ఆడాలంటే పాత సంఘం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి.

నడిగడ్డ

అదే కావాలి. పాత కెప్టెన్ ఒప్పుకుంటేనే బదిలీ. అక్కడితో గొడవ వదిలిపోతుంది.

రిజర్వు బెంచీ

నడిగడ్డ అన్నా, మీ మాట మీకు బాగానే ఉంటుంది. నా వైపు నుంచి చూడండి.

నేను నల్లగొండ జట్టులో ఎనిమిదో పేరును. డిగ్రీ రెండో సంవత్సరం. ఈ సీజనులో నాలుగు రౌండ్లు అయ్యాయి, నాకు ఒక్క ఆట కూడా రాలేదు. ప్రతి ఆదివారం అయిదింటికి సిద్ధంగా కూర్చుంటాను. నలుగురూ వచ్చేస్తారు. నేను పక్క నుంచి ఆట చూసి లేచి వెళతాను. ఇప్పుడు ఒకటో బోర్డుకు కొత్తవారు వచ్చారు కాబట్టి నా వంతు ఇంకాస్త వెనక్కి జరిగింది.

అవతల గద్వాల వాళ్లు నాలుగో మనిషి లేక ఒక బోర్డును ఖాళీగా ఇచ్చేశారు.

"సీజనులో ఎవరూ మారకూడదు" అంటే నేను మే నెల దాకా బెంచీ మీదే ఉండాలి. "కెప్టెన్ ఒప్పుకోవాలి" అంటే, నన్ను ఆడించని కెప్టెనే నన్ను పోనివ్వాలా వద్దా నిర్ణయిస్తారు. ఏ కెప్టెనయినా చేతిలో ఉన్న రిజర్వును ఎందుకు వదులుకుంటారు? బత్తాయి తోట గారు చెప్పిన తేడా దగ్గరే ఆగండి. ఆడినవారిని కట్టేయండి, ఆడనివారిని ఎందుకు కట్టేస్తారు?

గడియారం సెంటర్

చెల్లీ, వచ్చే రౌండులో చూద్దామని అన్నాను కదా.

రిజర్వు బెంచీ

రెండో రౌండు నుంచి అంటున్నారు అన్నా.

సోమశిల

ఆమె చెప్పింది సాంకేతికంగా కూడా సులువు. అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. లీచెస్‌లో ఒకే ఖాతా ఎన్నో టీముల్లో సభ్యత్వం తీసుకోవచ్చు. పాత టీము వదలకుండా కొత్త టీములో చేరినా అది ఆపదు, దానికి మన లీగు సంగతి తెలియదు. కాబట్టి "లీచెస్‌లో ఏ టీములో ఉన్నాడు" అన్నది ఆధారం కాదు. మన జాబితానే ఆధారం. ఆ జాబితా ఇప్పుడు కెప్టెన్లు శనివారం రాత్రి పెట్టే ఫొటో. ఎవరు ఏ రౌండు ఎవరికి ఆడారో ఒక పట్టికలో ఉంచితే, ఆడినవారెవరో ఆడనివారెవరో చూసిన వెంటనే తెలుస్తుంది. ఆ పట్టిక నేను చేసి పెడతాను.

ఇంకో సంగతి. జట్టు మారడం కుదరకపోతే కొందరు కొత్త ఖాతా తెరుస్తారు. కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది, కొన్ని ఆటలు అయ్యేదాకా రేటింగ్ పక్కన ప్రశ్న గుర్తు ఉంటుంది. రేటింగ్ వరుసలో బోర్డులు వేసే మన పద్ధతిలో, గట్టి ఆటగాడు ఆ ముసుగుతో నాలుగో బోర్డు మీద కూర్చుంటే అవతలి పిల్లవాడి గతి ఏమిటి? ప్రశ్న గుర్తు ఉన్న ఖాతాను లీగులో ఆడనివ్వకూడదు. బదిలీ నియమం ఎంత బిగిస్తే ఈ దొడ్డిదారి అంత పెరుగుతుంది.

కోస్గి మాస్టారు

ప్రశ్న గుర్తు మాట నిజమే. మా బోర్డు మీద ఒకరు అలాగే వచ్చి నన్ను పద్దెనిమిది ఎత్తుల్లో కట్టించారు. పేరు అడిగితే "కొత్తగా నేర్చుకుంటున్నాను సార్" అన్నారు.

మిర్యాలగూడ వకీలు

ఊరి సంగతి ఇంకా తేలలేదు. పుట్టిన ఊరా, ఉంటున్న ఊరా, చదివిన ఊరా? మన రాష్ట్రంలో ఉద్యోగాలకు స్థానికత తేల్చడానికి 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తుంది. ఆ లెక్కన మన లీగుకు బోనఫైడ్ పత్రాలు జతచేయాలి.

ఆమనగల్లు బంటు

బోనఫైడ్ కోసం బడికి తిరిగిన రోజులు గుర్తు చేయకండి సార్. పోటీ పరీక్షకు కావాలంటే తిరిగాను. నాలుగో బోర్డు కోసం తిరగను.

బత్తాయి తోట

చదరంగంలోనే దీనికి సమాధానం ఉంది. వెస్లీ సో 2014లో ఫిలిప్పీన్స్ వదిలి అమెరికాకు మారారు. అలిరెజా ఫిరౌజా 2019లో ఇరాన్ జెండా వదిలి, కొంతకాలం ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) జెండా కింద ఆడి, 2021లో ఫ్రాన్స్‌కు మారారు. ఫిడే వాళ్లు "నీ ఊరు ఏది" అని తాత్వికంగా విచారించరు. కొత్త దేశపు సమాఖ్య ఒప్పుకోవాలి, రుసుము కట్టాలి, కొన్ని సందర్భాల్లో పాత సమాఖ్యకు పరిహారం ఇవ్వాలి, లేదా వేచి ఉండాలి. ఊరు ఎవరికి వారే చెప్పుకోనిద్దాం. మారే సమయాన్ని మాత్రం మనం నియంత్రిద్దాం.

గుర్రం ఎత్తు

పరిహారం అంటే నడిగడ్డ అన్నకు గద్వాల చీర పంపాలా?

నడిగడ్డ

మా ఊళ్లో నేసేది మాకే పంపుతారా? పోచంపల్లిది పంపండి, మా ఇంట్లో సంతోషిస్తారు. కానీ మాట మార్చకండి. స్టడీ సంగతికి ఇంకా జవాబు రాలేదు.

సోమశిల

స్టడీకి ఏ నియమమూ పనిచేయదు అన్నా. చూసినదాన్ని మరిచిపొమ్మని ఎవరికి చెప్పగలం? ఆటలన్నీ లీచెస్‌లో బహిరంగంగానే ఉంటాయి, ఎవరి ప్రారంభాలైనా ఎవరైనా చూడవచ్చు. మీ సొంత విశ్లేషణ ఒక్కటే దాచుకోగలిగింది. దానికి విరుగుడు ఒకటే: మారిన మనిషి ఆ సీజనులో పాత జట్టు మీద ఆడకూడదు. మీ గుట్టు తెలిసినా మీ మీద వాడే అవకాశం ఆయనకు ఉండదు. పక్కవారి చెవిలో చెబితే ఏం చేస్తామంటే, ఏమీ చేయలేం.

గుర్రం ఎత్తు

అది నాకు సమ్మతమే. నాలుగో రౌండులో నన్ను గద్వాల మీద కూర్చోబెట్టకుండా ఉంటే నాకూ బాగుండేది. మూడు వారాలు పక్కన ఆడిన కుర్రవాడు ఎదుటి బోర్డు మీద ఉంటే చెయ్యి సరిగా కదలదు.

పానగల్లు (నిర్వాహకుడు)

సరే. రాత్రి కూర్చుని ముసాయిదా తిరగరాశాను. అయిదో రౌండు నుంచి ఇదే అమలు.

ఈ సీజనులో ఏ జట్టుకైనా ఒక్క ఆట ఆడినవారు సీజను ముగిసేదాకా ఆ జట్టుకే. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, ప్రభుత్వం జిల్లా మార్చినా అంతే. ఆట ఇంటర్నెట్‌లో కాబట్టి ఎక్కడ ఉన్నా ఆడవచ్చు, గుర్రం ఎత్తు సారు రామగిరి నుంచి గద్వాలకు ఆడినా బోర్డుకు తేడా తెలియదు. ఒక్క ఆట కూడా ఆడనివారు ఎప్పుడైనా మారవచ్చు, సీజనుకు ఒక్కసారి. పాత కెప్టెన్ అనుమతి అక్కరలేదు, కానీ ఇక్కడ రాతపూర్వకంగా చెప్పాలి. గురువారం రాత్రి పది తర్వాత వచ్చిన అభ్యర్థన ఆ వారం చెల్లదు. నేను 48 గంటల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే బదిలీ అయినట్టే లెక్క. మారినవారు ఆ సీజనులో పాత జట్టు మీద ఆడకూడదు. గెలిచిన పాయింట్లు గెలిచిన జట్టుకే ఉంటాయి. రేటింగ్ పక్కన ప్రశ్న గుర్తు ఉన్న ఖాతాకు బోర్డు లేదు.

కెప్టెన్ ఎవరైనా అవతలి జట్టులో ఆడుతున్నవారిని సీజను మధ్యలో పిలిచినట్టు రుజువైతే, వచ్చే పోటీలో ఆయనే బెంచీ మీద కూర్చుంటారు. ఇది నా సొంత చేర్పు. అభ్యంతరాలు వినను.

గుర్రం ఎత్తు సారు విషయం: నియమం రాకముందే మారారు కాబట్టి నల్లగొండలోనే ఉంటారు. గద్వాల మీద మాత్రం ఇక ఆడరు.

నడిగడ్డ

నాకు నచ్చలేదు. కానీ ఒప్పుకుంటున్నాను. ఒకటో బోర్డు పోయింది, ఆదివారం పాలమూరుతో పోటీ, నా దగ్గర ముగ్గురే. ఇంకెవరైనా ఉన్నారా?

మిర్యాలగూడ వకీలు

"చెప్పకపోతే బదిలీ అయినట్టే లెక్క" అన్న వాక్యానికి నిర్వాహకుడికి నా నమస్కారం. ఇలాంటిది పెద్ద చట్టాల్లో కూడా అంత సులువుగా దొరకదు.

రిజర్వు బెంచీ

పాత జట్టు: నల్లగొండ. కొత్త జట్టు: గద్వాల–వనపర్తి. ఈ సీజనులో ఆడిన ఆటలు: సున్నా. బుధవారం సాయంత్రం 6:20, గడువుకు ముందే. మా అమ్మమ్మది అలంపూర్, ఎవరైనా ఊరు అడుగుతారేమోనని రాస్తున్నాను. నిర్వాహకుడు గారు పరిశీలించగలరు.

నడిగడ్డ

చెల్లీ, నాలుగో బోర్డు నీదే. స్టడీ లింకు ఇప్పుడే పంపుతున్నాను.

సోమశిల

నిర్ణయం రాకముందే లింకు పంపకండి అన్నా.

గడియారం సెంటర్

ఒక్క నిమిషం. ఆదివారం మా మూడో బోర్డుకు పెళ్లి ఉంది, ఇప్పుడే చెప్పాడు. నాలుగో వాడి ఫోను రెండు రోజులుగా పనిచేయడం లేదు. చెల్లీ, ఈ వారం నిన్ను ఆడిద్దామనే అనుకున్నాను.

పానగల్లు (నిర్వాహకుడు)

అభ్యర్థన అందింది. శుక్రవారం సాయంత్రం 6:20 లోపు చెబుతాను. ఈలోగా దయచేసి ఎవరూ ఎవరికీ ఫోను చేయకండి.

గడియారం సెంటర్

ఇప్పటికే చేశాను. ఎత్తలేదు.